కొత్త కెమెరా ఫైలు, పాత ఫొటోషాప్

2005 ఏప్రిల్‌లో ఫొటోగ్రాఫర్ల మధ్య పెద్ద గొడవ లేచింది. గొడవంతా ఒక ఫైలులో దాచిన కొన్ని అంకెల గురించి. ఆ ఏడాది మొదట్లో నికాన్ కంపెనీ డీ2ఎక్స్ అనే 12.4 మెగాపిక్సెళ్ల కెమెరాను విడుదల చేసింది. పత్రికలవాళ్లూ, పెళ్లిళ్లు తీసేవాళ్లూ, క్రీడల ఫొటోగ్రాఫర్లూ ఎదురుచూసిన కెమెరా అది. దాని రా ఫైలులో, అంటే సెన్సార్ కొలతల్ని సవరించకుండా దాచే ఫైలులో, బొమ్మకు సంబంధించిన సమాచారం ఎప్పటిలాగే ఉంది కానీ, వైట్ బ్యాలెన్స్ అంకెల్ని మాత్రం కంపెనీ గుప్తలిపిలో పెట్టింది. షట్టర్ నొక్కిన క్షణంలో వెలుగు ఏ రంగులో ఉందని కెమెరా అంచనా వేసిందో చెప్పేవి ఆ అంకెలే. అవి తెలియకపోతే పెళ్లికూతురి పట్టుచీర అసలు రంగు ఏమిటో సాఫ్ట్‌వేర్ ఊహించుకోవాల్సిందే.

ఆ గుప్తలిపిని విప్పితే 1998 నాటి అమెరికా డిజిటల్ కాపీరైటు చట్టం కింద చిక్కులు వస్తాయేమోనని ఫొటోషాప్ తయారుచేసే అడోబీ వెనకాడింది. ఫొటోషాప్ సృష్టికర్తల్లో ఒకరైన థామస్ నాల్ ఈ మాట బహిరంగంగానే చెప్పారు. సాఫ్ట్‌వేర్ రాసేవారికి తామిచ్చే కిట్ తీసుకున్న కంపెనీలకు ఇబ్బందేమీ ఉండదని నికాన్ జవాబిచ్చింది. ఫొటోగ్రాఫర్లు అడిగింది మాత్రం ఒకటే: కెమెరా కొన్నది మేము, ఫొటో తీసింది మేము, మా ఫైలులోని అంకెలు మాకెందుకు కనబడవు?

ఆ గుప్తలిపిని విప్పింది ఏ కంపెనీ కాదు. డేవ్ కాఫిన్ అనే ప్రోగ్రామర్, ఎవరైనా ఉచితంగా వాడుకోగల తన ప్రోగ్రాములో ఆ పని కొద్ది రోజుల్లోనే చేసి చూపించారు. కెమెరా సీరియల్ నంబరూ, అప్పటిదాకా షట్టర్ ఎన్నిసార్లు తెరుచుకుందన్న లెక్కా కలిస్తే ఆ లిపికి తాళంచెవి. రెండూ ఆ ఫైలులోనే ఉన్నాయి! తర్వాత కొన్ని నెలలకు నికాన్, అడోబీల మధ్య వ్యవహారం సద్దుమణిగింది. కానీ ఆ గొడవ లేవనెత్తిన ప్రశ్న అంతకు ముందునుంచీ ఉన్నదే, ఇప్పటికీ తీరనిదే. కొత్త కెమెరా ఫైలును చేతిలో ఉన్న పాత సాఫ్ట్‌వేర్‌లో తెరవడం ఎందుకింత కష్టమైంది?

ఇది అర్థం కావాలంటే రా ఫైలులో ఏముంటుందో చూడాలి. డిజిటల్ కెమెరా సెన్సార్‌కు స్వతహాగా రంగులు తెలియవు. ఒక్కొక్క పిక్సెల్ మీద ఎంత వెలుగు పడిందన్నదే అది కొలుస్తుంది. కోడక్ కంపెనీలో పనిచేసిన బ్రైస్ బేయర్ దీనికి ఉపాయం కనిపెట్టారు. పిక్సెళ్ల మీద ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఫిల్టర్లను గళ్లుగా పరిచే ఆ పద్ధతికి 1976లో పేటెంటు దక్కింది. సగం గళ్లు ఆకుపచ్చ, పావు వంతు ఎరుపు, పావు వంతు నీలం. మనిషి కన్ను వెలుగులోని హెచ్చుతగ్గుల్ని ఎక్కువగా పట్టుకునేది ఆకుపచ్చ ప్రాంతంలోనే కాబట్టి దానికి రెట్టింపు వాటా. ఈనాటికీ ఎక్కువ కెమెరాల్లో ఉన్నది బేయర్ అమరికే.

అంటే రా ఫైలులో ఒక్కో పిక్సెల్‌కు ఒక్క రంగు కొలతే ఉంటుంది. మిగతా రెండు రంగుల్ని చుట్టుపక్కల పిక్సెళ్లను చూసి సాఫ్ట్‌వేర్ లెక్కగట్టాలి. వాకిట్లో చుక్కలు మాత్రమే పెట్టి వదిలేసిన ముగ్గు లాంటిది రా ఫైలు; గీతలు కలిపే పని సాఫ్ట్‌వేర్‌ది. ఆ పనికి కూర్చున్న సాఫ్ట్‌వేర్‌కు చాలా సంగతులు ముందే తెలిసి ఉండాలి. ఫైలును ఏ పద్ధతిలో కుదించారు, పూర్తి చీకటికి సెన్సార్ చూపే అంకె ఎంత, ఏ అంకె దాటితే వెలుగు నిండిపోయినట్టు, ఫిల్టర్ల వరస ఏ మూల నుంచి మొదలవుతుంది, ఈ కెమెరా ఎరుపును మనిషి కంటికి కనబడే ఎరుపుగా మార్చే లెక్క ఏది? ఈ చివరిదాన్ని కలర్ మ్యాట్రిక్స్ అంటారు. ఇది కెమెరా కెమెరాకూ మారుతుంది.

చాలా సాఫ్ట్‌వేర్లు ఈ వివరాలన్నీ తమలోనే ఒక పట్టికగా పెట్టుకుంటాయి. ఫైలు తెరవగానే కెమెరా మోడల్ పేరు చదివి, ఆ పేరుతో పట్టికలో వెతుకుతాయి. పేరుంటే ఫొటో తెరుచుకుంటుంది. లేకపోతే ఈ రకం ఫైలును గుర్తించలేకపోతున్నానని సందేశం వస్తుంది. ఆ సందేశం చూసి ఫైలు పాడైందనో, మెమరీ కార్డు పోయిందనో కంగారుపడినవాళ్లు ఎందరో. ఫైలు నిక్షేపంగానే ఉంటుంది. సాఫ్ట్‌వేర్ తయారైననాటికి ఆ కెమెరా ఇంకా పుట్టలేదు, అంతే.

మొదట్లో ఈ తలనొప్పి కెమెరా కంపెనీలదే. 1991లో కోడక్ అమ్మిన డీసీఎస్ కెమెరా నికాన్ ఎఫ్3 ఒంటికి అమర్చిన 1.3 మెగాపిక్సెళ్ల యంత్రం. ఫొటోలు దాచే 200 మెగాబైట్ల హార్డ్ డిస్కును వేరే పెట్టెలో భుజాన తగిలించుకుని తిరగాలి. కుదించకుండా అయితే 156 ఫొటోలు పట్టేవి. ఆ తర్వాతి కోడక్ కెమెరాల ఫొటోలు కంప్యూటర్‌లోకి రావడానికి కోడక్ ఫొటోషాప్ కోసం ప్రత్యేకంగా ప్లగిన్ రాసి ఇచ్చేది. కెమెరా ఎవరిదో ప్లగిన్ కూడా వాళ్లదే. కెమెరాలు గుప్పెడే ఉన్న రోజుల్లో అది చెల్లింది.

కెమెరాల సంఖ్య పెరిగాక ఒక్కో కంపెనీ ఒక్కో ఫార్మాట్ పట్టుకుంది. కెనాన్ సీఆర్‌డబ్ల్యూ, తర్వాత సీఆర్2, 2018 నుంచి సీఆర్3. నికాన్‌ది ఎన్ఈఎఫ్, సోనీది ఏఆర్‌డబ్ల్యూ, ఫూజీది ఆర్ఏఎఫ్, ఒలింపస్‌ది ఓఆర్ఎఫ్, పెంటాక్స్‌ది పీఈఎఫ్, మినోల్టాది ఎంఆర్‌డబ్ల్యూ. ఫైలు పేరు చివరన ఉండే అక్షరాలు ఒకటే అయినా లోపలి అమరిక కెమెరాకో తీరుగా ఉండేది. వీటి లోపలి వివరాల్ని కంపెనీలు ప్రచురించలేదు. మా ఫొటోలు తెరవాలంటే మా సాఫ్ట్‌వేరే వాడండి అన్నది వాళ్ల ధోరణి. నికాన్ అయితే తన క్యాప్చర్ సాఫ్ట్‌వేర్‌ను విడిగా డబ్బుకు అమ్మేది కూడా.

ఇక్కడ డేవ్ కాఫిన్ గురించి కాస్త ఎక్కువ చెప్పుకోవాలి. 1997 ఫిబ్రవరిలో ఆయన డీసీరా అనే ప్రోగ్రాము మొదలుపెట్టారు. అప్పట్లో దాని లక్ష్యం కెనాన్ పవర్‌షాట్ 600 అనే ఒకే ఒక్క కెమెరా, అర మెగాపిక్సెల్ బొమ్మలు తీసేది. కెనాన్ ఇచ్చే సాఫ్ట్‌వేర్ లినక్స్ మీద నడవదు. కాబట్టి కాఫిన్ ఆ ఫైలులోని బైట్లను తానే ఒక్కొక్కటిగా పరిశీలించి అర్థం చేసుకున్నారు. తర్వాత మరో కెమెరా, ఆ తర్వాత ఇంకొకటి. కొత్త కెమెరాలు కొన్నవాళ్లు నమూనా ఫైళ్లు పంపేవారు, ఆయన వాటిని విప్పేవారు. సీ భాషలో ఒకే ఫైలుగా రాసిన ఆ ప్రోగ్రాము వందల కెమెరాలకు పెరిగింది. యూఎఫ్‌రా లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్లకూ, డబ్బుకు అమ్మే కొన్నింటికీ అదే పునాది. 2008లో దాని మీదే లిబ్‌రా అనే లైబ్రరీ మొదలైంది. కాఫిన్ చివరి వెర్షన్ 2018లో వచ్చింది.

ఇరవై ఏళ్ల పైచిలుకు ఒక మనిషి పట్టుదలగా చేసిన ఈ పనికి ఫొటోగ్రఫీ చరిత్రల్లో ఇంతకంటే పెద్ద చోటు దక్కాలి. కోనికా మినోల్టా 2006లో కెమెరాల వ్యాపారం నుంచి తప్పుకుంది. కోడక్ 2012 జనవరిలో దివాలా పిటిషను వేసింది. ఆ కెమెరాలతో తీసిన రా ఫొటోలు నేటికీ తెరుచుకుంటున్నాయంటే అందులో కాఫిన్ కష్టం చాలా ఉంది. కంపెనీలు వెళ్లిపోయాయి. విప్పి రాసిన కోడ్ మాత్రం అందరికీ మిగిలింది.

అడోబీ వైపు కథ వేరేలా నడిచింది. థామస్ నాల్, ఆయన తమ్ముడు జాన్ నాల్ రాసిన ఫొటోషాప్ 1990 ఫిబ్రవరిలో మొదటిసారి విడుదలైంది. పన్నెండేళ్ల తర్వాత, 2002లో ఇటలీ వెళ్లినప్పుడు థామస్‌కు రా ఫైళ్లతో వేగడం విసుగెత్తించింది. కెమెరా కంపెనీల సాఫ్ట్‌వేర్లు ఆయనకు నచ్చలేదు. తానే ఒక ప్లగిన్ రాయడం మొదలుపెట్టారు. 2003 ఫిబ్రవరిలో అది కెమెరా రా అనే పేరుతో ఫొటోషాప్ 7 వాడేవారికి 99 డాలర్లకు అమ్మకానికొచ్చింది. అదే ఏడాది చివర్లో వచ్చిన ఫొటోషాప్ సీఎస్‌లో అదనపు ఖర్చేమీ లేకుండా కలిసిపోయింది.

అప్పటినుంచి కొత్త కెమెరా వచ్చినప్పుడల్లా ఆ ప్లగిన్‌కు కొత్త వెర్షన్ ఉచితంగా వచ్చేది. అయితే దీనికో గడువు ఉంది. ఫొటోషాప్ కొత్త తరం రాగానే పాత తరానికి ప్లగిన్ ఆగిపోయేది. సీఎస్ దగ్గర 2.4తో, సీఎస్2 దగ్గర 3.7తో, సీఎస్3 దగ్గర 4.6తో, సీఎస్4 దగ్గర 5.7తో, సీఎస్5 దగ్గర 6.7తో ఆగింది. కొత్త ప్లగిన్ ఫైలును తెచ్చి పాత ఫొటోషాప్ ఫోల్డరులో పెట్టి చూసినవాళ్లూ ఉన్నారు. అది పనిచేయదు. లోపలి ఏర్పాటు తరం తరానికీ మారుతుంది.

దీని దెబ్బ ఎలా ఉంటుందో కెనాన్ 5డీ మార్క్ 2 చూపించింది. 2008 చివర్లో వచ్చిన ఈ 21 మెగాపిక్సెళ్ల కెమెరా పెళ్లి ఫొటోగ్రఫీ రూపురేఖల్నే మార్చింది. దాని ఫైలు సీఆర్2, అప్పటికే నాలుగేళ్లుగా ఉన్న ఫార్మాట్. కానీ ఈ కెమెరాను గుర్తించింది కెమెరా రా 5.2. అది సీఎస్4లోనే నడుస్తుంది. ఏడాదిన్నర కిందట డబ్బులు పోసి సీఎస్3 కొన్న స్టూడియోకు, కొత్త కెమెరా కొన్న రోజే సాఫ్ట్‌వేర్ కూడా మళ్లీ కొనాల్సిన పరిస్థితి. పాత సీఎస్3లో లోపమేమీ లేదు. దాని పట్టికలో ఒక పేరు లేదు, అంతే!

ఈ చిక్కుకు ఒక దారి మాత్రం నాలుగేళ్ల ముందే తయారై ఉంది. 2004 సెప్టెంబరు 27న అడోబీ డిజిటల్ నెగటివ్ అనే ఫార్మాట్‌ను ప్రకటించింది. పొట్టి పేరు డీఎన్‌జీ. దాని వివరాలన్నీ ప్రచురించి, ఎవరైనా రుసుము లేకుండా వాడుకోవచ్చని చెప్పింది. దాంతోపాటు డీఎన్‌జీ కన్వర్టర్ అనే ఉచిత ప్రోగ్రామునూ ఇచ్చింది. డీఎన్‌జీలోని కీలకం చాలా చిన్న ఆలోచన: సాఫ్ట్‌వేర్ పట్టికలో ఉండాల్సిన వివరాల్ని ఫైలులోనే రాసిపెట్టడం. చీకటి అంకె, నిండు వెలుగు అంకె, ఫిల్టర్ల వరస, కలర్ మ్యాట్రిక్స్, అన్నీ ఫొటోతోనే ప్రయాణిస్తాయి. అప్పుడిక సాఫ్ట్‌వేర్‌కు ఆ కెమెరా పేరు తెలియనక్కర్లేదు.

కాబట్టి సీఎస్3 ఉన్న స్టూడియో చేయాల్సింది ఇదే. కొత్త కన్వర్టర్ దించుకోవాలి, 5డీ మార్క్ 2 ఫైళ్లను డీఎన్‌జీలోకి మార్చాలి, వాటిని సీఎస్3లో తెరవాలి. ఫొటోలు చక్కగా తెరుచుకుంటాయి. కన్వర్టర్‌లో ఏ తరం కెమెరా రా కోసం మార్చాలో ఎంచుకునే వీలు కూడా ఉంది. అందులో అట్టడుగున ఉన్నది 2.4, అంటే తొలి ఫొటోషాప్ సీఎస్. అడోబీ కొత్త వెర్షన్లు అమ్ముకోవాలనే చూసింది, అది నిజం. అయినా పాతది వాడేవాడికి ఈ దారిని మూయకుండా ఉచితంగా ఉంచింది. ఆ కంపెనీ ఫొటోగ్రాఫర్లకు చేసిన మేళ్లలో ఇదే పెద్దదని చెప్పాలి.

మార్చిన ఫైలుకు కొన్ని పరిమితులున్నాయి. కెనాన్, నికాన్ సొంత సాఫ్ట్‌వేర్లు ఈ మార్చిన డీఎన్‌జీని తెరవవు. అందుకే అసలు ఫైలును చెరిపేయకూడదు. ఫూజీ 2012లో ఎక్స్-ప్రో1తో తెచ్చిన ఎక్స్-ట్రాన్స్ సెన్సార్లు మరో ఇబ్బంది తెచ్చాయి. వాటి అమరిక ఆరు అడ్డం, ఆరు నిలువు గళ్లది. 36లో 20 ఆకుపచ్చ, 8 ఎరుపు, 8 నీలం. బేయర్ అమరిక తప్ప మరొకటి ఎరగని పాత వెర్షన్లు దీన్ని కలపలేవు. అలాంటప్పుడు మూడు రంగుల్నీ ముందే లెక్కగట్టి పెట్టే లీనియర్ డీఎన్‌జీ తయారు చేసుకోవాలి. పిక్సెల్‌కు ఒక అంకె ఉన్నచోట మూడు అంకెలు కాబట్టి ఫైలు బరువెక్కుతుంది. పాత వెర్షన్ కొత్త సెన్సార్ సామర్థ్యాన్నంతా బయటికి తీయలేదన్నది కూడా నిజమే. నాయిస్ తగ్గించే లెక్కలు 2010లో, ముఖ్యమైన టోన్ స్లైడర్లు 2012లో బాగా మారాయి.

అడ్డదారులూ లేకపోలేదు. ఎగ్జిఫ్‌టూల్ లాంటి ప్రోగ్రాముతో ఫైలులోని మోడల్ పేరును తీసేసి, అలాంటిదే మరో పాత కెమెరా పేరు రాసి సాఫ్ట్‌వేర్‌ను ఒప్పించడం వాటిలో ఒకటి. రెండు కెమెరాల్లోనూ ఒకే సెన్సార్, ఒకే కుదింపు ఉంటే పని జరుగుతుంది. లేకపోతే రంగులు దారి తప్పుతాయి. ఫైలు పేరు చివర ఎన్ఈఎఫ్ తీసేసి డీఎన్‌జీ అని రాసినంత మాత్రాన ఏమీ కాదు, లోపలున్నది మారదు కనుక.

డీఎన్‌జీని కెమెరా కంపెనీలన్నీ ఆదరించి ఉంటే ఈ కథ అక్కడితో ముగిసేది. లైకా, రికో, పెంటాక్స్ ముందుకొచ్చాయి. 2006లో వచ్చిన లైకా ఎం8 నేరుగా డీఎన్‌జీలోనే ఫొటోలు దాచింది. అదే ఏడాది పెంటాక్స్ కే10డీ పీఈఎఫ్ కావాలా, డీఎన్‌జీ కావాలా అని వాడేవాడినే అడిగింది. 2014లో ఆండ్రాయిడ్ 5, 2016లో ఐఫోన్ల ఐఓఎస్ 10 రా ఫొటోలకు డీఎన్‌జీనే ఎంచుకున్నాయి. మార్కెట్‌లో పెద్దవైన కెనాన్, నికాన్, సోనీ మాత్రం తమ కెమెరాల్లో సొంత ఫార్మాట్లనే కొనసాగించాయి. సెన్సార్ రహస్యాలు బయటపడతాయన్న భయం కొంత, సొంత సాఫ్ట్‌వేర్ల మీద మమకారం కొంత కారణం కావచ్చు. కారణం ఏదైనా ఆ భారం మోసింది వాడేవాళ్లే.

2013 మేలో మరో మలుపు. ఇకపై ఫొటోషాప్ కొత్త వెర్షన్లను ఒకేసారి కొనుక్కునే వీలుండదని, చందా కట్టాల్సిందేనని అడోబీ ప్రకటించింది. సొంతంగా కొనుక్కోగలిగిన చివరి ఫొటోషాప్‌గా 2012 నాటి సీఎస్6 మిగిలింది. దాని కెమెరా రా 2015లో 9.1.1 దగ్గర ఆగింది. 2016లో వచ్చిన కెనాన్ 80డీ ఫైలును సీఎస్6 నేరుగా తెరవదు. డీఎన్‌జీలోకి మారిస్తే తెరుస్తుంది. మిగతా సాఫ్ట్‌వేర్ల సంగతీ ఇంతే. యాపిల్ 2005లో తెచ్చిన అపెర్చర్ అనే ఫొటో సాఫ్ట్‌వేర్‌ను 2014లో ఆపేస్తున్నట్టు చెప్పింది. అడోబీదే మరో ఫొటో సాఫ్ట్‌వేర్, 2015 నాటి లైట్‌రూమ్ 6కు చివరి అప్‌డేట్ 2017 డిసెంబరులో వచ్చింది.

తెలుగు ఊళ్లలో పాత ఫొటోషాప్ ఇన్నేళ్లు బతికి ఉండటానికి డబ్బు ఒక్కటే కారణం కాదు. ఇక్కడ ఫొటోషాప్ అంటే కేవలం ఫొటో సవరించే సాధనం కాదు. పెళ్లి ఆల్బమ్, శుభలేఖ, ఫ్లెక్సీ, కరపత్రం, అన్నీ అందులోనే తయారయ్యాయి. తెలుగు అక్షరాలకు అను ఫాంట్లు వాడారు. యూనికోడ్ వాడుకలోకి రాకముందు అలవాటైన ఆ కీబోర్డూ, ఆ ఫాంట్లూ పేజ్‌మేకర్, ఫొటోషాప్ పాత వెర్షన్లతో హాయిగా కుదిరిపోయాయి. పాత వెర్షన్లలో యూనికోడ్ తెలుగు రాస్తే ఒత్తులు, గుణింతాలు చెదిరిపోయేవి. ఏళ్ల తరబడి కూడబెట్టుకున్న పీఎస్‌డీ డిజైన్లు, యాక్షన్లు, కరిజ్మా ఆల్బమ్ పేజీలు అన్నీ ఆ కంప్యూటర్‌లోనే ఉంటాయి. చేయి తిరిగిన డిజైనరు దాన్ని వదలకపోవడంలో ఆశ్చర్యమేముంది? అలాంటి చోటికి కొత్త మిర్రర్‌లెస్ కెమెరా కార్డు వచ్చినప్పుడు రా ఫైళ్లు తెరుచుకోక, కెమెరాను జేపెగ్‌కు మార్చేసుకోవడం తేలిక మార్గంగా కనిపిస్తుంది. మండపంలో పసుపు దీపాలు, వీడియో లైట్లు, ఎల్‌ఈడీ తెరల వెలుగు కలగలిసినచోట వైట్ బ్యాలెన్స్ దిద్దుకునే అవకాశం జేపెగ్‌లో చాలా తక్కువ. రాలో అయితే తలంబ్రాల తెలుపునూ, పట్టు ఎరుపునూ తర్వాత కుదురుగా సరిచేసుకోవచ్చు.

పాత ఫొటోషాప్ మీద నమ్మకంతో పనిచేస్తున్న స్టూడియోలవాళ్లు రా తీయడం మానుకోనక్కర్లేదు. కన్వర్టర్ ఉచితం. తాజా వెర్షన్ పాత విండోస్‌లో ఎక్కకపోతే, మార్పిడి మాత్రం కొత్త కంప్యూటర్‌లో చేసుకుని డీఎన్‌జీలను డిజైనరు కంప్యూటర్‌కు పంపుకోవచ్చు. డబ్బు పెట్టలేనివారికి డార్క్‌టేబుల్, రాథెరపీ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. వాటిలో రంగులు సరిచేసి టిఫ్‌గా దాచుకుంటే ఏ పాత ఫొటోషాప్ అయినా తెరుస్తుంది. కెమెరా కొనేముందు మీ సాఫ్ట్‌వేర్ దాన్ని గుర్తిస్తుందో లేదో దుకాణంలోనే ఒక నమూనా రా ఫైలుతో చూసుకోండి. పెళ్లి అయిపోయాక, కార్డు చేతికి వచ్చాక తెలుసుకునే సంగతి కాదిది. అసలు రా ఫైలూ, దాని డీఎన్‌జీ ప్రతీ రెండూ వేర్వేరు హార్డ్ డిస్కుల్లో పెట్టుకోండి.